అద్దం కప్పుకు పందిరి బయటే వేయాలి: బెంగళూరు ఎండకు షేడ్ నెట్ కట్టుకునే పద్ధతి

మా డాబా మీద మెట్ల గదిని ఆనుకుని పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గది ఒకటి ఉంది. కప్పు మొత్తం గ్లాసే, పడమర గోడ కూడా గ్లాసే. ఇల్లు చూడ్డానికి వచ్చింది డిసెంబరులో కాబట్టి, ఆ చలిలో కాఫీ కప్పు పట్టుకుని అక్కడ కూర్చుంటే ఇల్లంతటికీ ఇదే మంచి గది అనిపించింది. మార్చి రెండో వారంలో అసలు సంగతి తెలిసింది. మధ్యాహ్నం రెండింటికి తలుపు తీస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు మొహానికి కొట్టేది.

అందరూ చేసే తప్పే మేమూ చేశాం. లోపలి వైపు రోలర్ బ్లైండ్లు, అంటే పైకి చుట్టుకునే గుడ్డ తెరలు వేయించాం. వెలుతురు తగ్గింది, వేడి మాత్రం అలాగే ఉంది. ఏప్రిల్లో తాడిపత్రి నుంచి మా అమ్మ వచ్చింది, ఆ బ్లైండ్ల వంక ఒకసారి చూసి, "చలువ పందిరి వాకిట్లో వేస్తారా, నట్టింట్లో వేస్తారా రా?" అంది. అంతే. ఈ పనిలో తెలుసుకోవాల్సిన అసలు విషయం అదొక్కటే, మిగతాదంతా పైపులు, తాళ్లు, బోల్టుల గొడవ.

ఎందుకంటే, ఎండలోని శక్తి ఎక్కువగా కంటికి కనిపించే వెలుతురుగా, దానికి దగ్గరి పరారుణ కిరణాలుగా వస్తుంది, మామూలు గాజు వాటిని దాదాపు ఆపదు. అవి లోపలికొచ్చి బ్లైండ్ మీద పడితే బ్లైండ్ వేడెక్కుతుంది. వేడెక్కిన వస్తువు వదిలేది వేరే రకం కిరణాలు, వాటిని గాజు బయటికి పోనివ్వదు. అంటే డబ్బులు పెట్టి గదిలో ఒక హీటర్ వేలాడదీసుకున్నట్టు. తెల్లటి బ్లైండ్ అయితే కొంత వెలుతురును తిప్పి పంపిస్తుంది, అసలు లేనిదానికన్నా నయమే, కానీ లోపలికొచ్చిన వేడిని మళ్లీ బయటికి తోలడం కష్టం.

ఒక లెక్క చెప్తాను. నిండు ఎండలో నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల శక్తి పడుతుంది. మా కప్పు 120 చదరపు అడుగులు, అంటే 11 చదరపు మీటర్ల పైచిలుకు. పడేది 11 కిలోవాట్లు. 6 మిల్లీమీటర్ల మామూలు గాజు అందులో 80 శాతం దాకా లోపలికి వదిలేస్తుంది కాబట్టి 9 కిలోవాట్లు గదిలోకి. ఒక టన్ను ఏసీ తీసేది 3.5 కిలోవాట్లు. ఆ గదికి రెండున్నర టన్నుల ఏసీ పెట్టినా ఎండతో సరిపోతుంది, మనిషికి ఏమీ మిగలదు. అదే 75 శాతం నీడ ఇచ్చే షేడ్ నెట్ అనే వల బయట కడితే లోపలికి వచ్చేది రెండుంబావు కిలోవాట్ల చిల్లర. నెట్ కూడా వేడెక్కి కొంత కిందికి ఇస్తుంది గానీ, గాలి ఆడేలా కడితే అది పెద్ద లెక్కలోకి రాదు.

మొదటి పని: ఎండ ఎటు నుంచి వస్తోందో చూడండి

మనవాళ్లలో చాలామంది దక్షిణం వైపు ఎండ ఎక్కువ అనుకుంటారు. అది చలికాలం మాట. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువుగా పెట్టిన కర్రకు నీడే పడదు. మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో ఇదే జరుగుతుంది. ఈ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు, జూన్ 21న అయితే పది డిగ్రీల పైన. చెన్నైకి కూడా అక్షాంశం అదే కాబట్టి ఇదే లెక్క.

కాబట్టి ఎండాకాలంలో దక్షిణం గోడ గ్లాస్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. ముందు కప్పు, తర్వాత పడమర, ఆ తర్వాత తూర్పు. డబ్బులు తక్కువుంటే ఇదే వరసలో ఖర్చు పెట్టండి. సెలవు రోజు ఒకటి చూసుకుని 9కి, 12కి, 3కి, 5కి గదిలో ఎండ ఎక్కడ పడుతోందో నేల మీద సుద్దముక్కతో గీసుకోండి. పక్కింటి నీళ్ల ట్యాంకు, కొబ్బరి చెట్టు ఇచ్చే నీడ కూడా తెలిసిపోతుంది, దాన్ని బట్టి ఒక పక్క నెట్టే అక్కర్లేకపోవచ్చు.

రెండో పని: నెత్తి మీద ఉన్నది ఏ గాజు?

గాజు మూలలో చిన్న ముద్ర ఉందేమో చూడండి. టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన గాజు) అయితే సాధారణంగా ఉంటుంది, ఐఎస్ 2553 అన్న నంబరు కూడా కనిపించవచ్చు. టఫెన్డ్ పగిలితే పటికబెల్లం పలుకుల్లా చిన్న ముక్కలై మొత్తంగా కిందికి రాలిపోతుంది. లామినేటెడ్ అయితే రెండు గాజుల మధ్య ఉన్న పొర ముక్కల్ని పట్టుకుని ఉంచుతుంది, నెత్తి మీద ఉండాల్సింది అదే. ఏ ముద్రా లేని మామూలు గాజు అయితే ఒక జాగ్రత్త: సగం ఎండలో, సగం గట్టి నీడలో ఉంచకండి. ఎండలో ఉన్న భాగం వ్యాకోచిస్తుంది, నీడలోని అంచు వ్యాకోచించదు, ఆ లాగుడుకు అంచు దగ్గర మొదలై పగులు పాకుతుంది. రంగు గాజుకు, నల్లటి ఫిల్మ్ అంటించిన గాజుకు ఈ బెడద ఇంకా ఎక్కువ. కప్పితే మొత్తం కప్పండి. మండుటెండలో గాజు మీద బకెట్టుతో చన్నీళ్లు పోసి చల్లబరచాలన్న ఆలోచన కూడా వద్దు.

గాజు కాదు, పాలికార్బొనేట్ షీటు అని తేలితే, దానికి థిన్నర్ లాంటివి, కొన్ని రకాల పెయింట్లు తగిలితే పగుళ్లు వస్తాయి. కాబట్టి దాని మీద పూతల ప్రయోగాలు చేయకుండా నెట్‌తోనే సరిపెట్టుకోండి.

మూడో పని: ఏం కప్పాలి

టార్పాలిన్ వద్దు. ఇది నా అనుభవం. అమ్మ మాటన్న మర్నాడే నీలం టార్పాలిన్ తెచ్చి, నాలుగు మూలలా పిట్టగోడకు కొక్కేలు కొట్టి కట్టేశాను. నాలుగు రోజులు బాగుంది. ఐదో రోజు సాయంత్రం, మీకు తెలుసుగా బెంగళూరు ఏప్రిల్ వాన ఎలా వస్తుందో, ఒక్కసారిగా ఆకాశం నల్లబడి, దుమ్ము లేచి, ఈదురుగాలి. టార్పాలిన్ గాలిపటమై, ఒక కొక్కేన్ని ఇటుకముక్కతో సహా పెరుక్కుని వెళ్లి పక్కింటివాళ్ల సోలార్ ప్యానెళ్ల మీద పడింది. ఆ ఇంటి ఆంటీ "ఏన్రీ ఇదు?" అని అడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. అదృష్టం, ఏదీ పగల్లేదు.

నా ఓటు షేడ్ నెట్‌కే, అంటే నర్సరీల్లో మొక్కల మీద కట్టే వల. లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీల వైపు వెళ్తే ఎక్కడ కొనాలో వాళ్లే చెప్తారు. 35, 50, 75, 90 శాతాల్లో దొరుకుతుంది, ఆ అంకె ఎంత నీడ ఇస్తుందన్నది. మనుషులు కూర్చునే గదికి 75 సరిపోతుంది. 90 వేస్తే పగలే లైటు వేసుకోవాలి, పైగా వల ఎంత చిక్కగా ఉంటే గాలి దెబ్బ అంత ఎక్కువ. గదిలో మొక్కలు కూడా ఉంటే 50 వేసి, మండే నెలల్లో దాని మీద ఇంకో 50 వేసుకోవచ్చు. రెండూ కలిస్తే పావు వంతు వెలుతురే వస్తుంది, వేసవి తగ్గాక పైది తీసేయొచ్చు.

కొనేటప్పుడు కత్తిరించిన అంచు దగ్గర ఒక పోగు పట్టుకుని లాగండి. అల్లిక మంచిదైతే అక్కడే ఆగుతుంది, నాసిది స్వెట్టర్ ఊడినట్టు ఊడుతూనే ఉంటుంది. తర్వాత ఆకాశం వైపు ఎత్తి చూడండి, కన్నాలు ఒకచోట దగ్గరగా ఒకచోట దూరంగా ఉంటే వదిలేయండి. యూవీ స్టెబిలైజ్డ్ (ఎండలోని అతినీలలోహిత కిరణాలకు తట్టుకునేది) అని రాసి ఉండాలి, లేకపోతే రెండో వేసవికి చేతిలో పొడుం అవుతుంది.

రంగు సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. ఆకుపచ్చ నెట్ కింద కూర్చుంటే అందరి మొహాలూ పసిరికలు వచ్చినట్టు కనిపిస్తాయి. మొక్కలకు ఫర్వాలేదు, వీడియో కాల్‌కు పనికిరాదు. నలుపు వెలుతురు రంగును మార్చదు, అందులో కలిపే కార్బన్ వల్ల ఎక్కువ కాలం నిలుస్తుంది. వేడెక్కుతుంది నిజమే, కానీ బయట గాలిలో ఉంది కదా, వేడి గాలికే పోతుంది. తెలుపు, లేత గోధుమ రంగు చూడ్డానికి బాగుంటాయి, వెలుతురూ మెత్తగా వస్తుంది, మాసిపోతాయి. అల్యూమినియం పూత ఉన్న మెరుపు నెట్ వేడిని తిప్పికొట్టడంలో అన్నిటికన్నా మేలు, ధర కూడా అలాగే ఉంటుంది. మేం నలుపు వేశాం.

డబ్బుకు ఇబ్బంది లేకపోతే బయటి వైపు బిగించే మోటారు స్క్రీన్లు ఉన్నాయి. పాలిస్టర్ మెష్, రెండు పక్కలా పట్టాలో జారుతుంది, గాలి ఎక్కువైతే సెన్సార్ చూసుకుని దానంతటదే చుట్టుకుంటుంది. సెన్సార్ లేకుండా మాత్రం తీసుకోకండి, మీరు ఆఫీసులో ఉన్నప్పుడే గాలివాన వస్తుంది.

ఇంకో దారి తీగ. సంక్రాంతికి సొర గింజో బీర గింజో పెద్ద కుండీలో పెడితే ఉగాది నాటికి పందిరి అల్లుకుంటుంది, నీడకు నీడ, కూరకు కూర. రాధామనోహరం అయితే ఏళ్ల తరబడి ఉంటుంది, సాయంత్రం వాసన అదనం. కాకపోతే రాలిన ఆకులు గాజు మీద కుళ్లి, నీళ్లు పోయే గొట్టంలో ఇరుక్కుని మొదటి వానకే నీళ్లు గదిలోకి కారతాయి. వారం వారం ఊడ్చే ఓపిక ఉంటేనే.

నాలుగో పని: జానెడు ఖాళీ

నెట్‌ను గాజు మీద పరిచేస్తే సగం ఫలితం పోయినట్టే. వేడెక్కిన వల గాజును తాకి ఆ వేడిని దానికే ఇస్తుంది, మధ్యలో దుమ్ము చేరి గాలికి రుద్దుకుని గీతలు పడతాయి. జానెడు నుంచి అడుగు దాకా ఖాళీ వదలండి, ఏ పక్కా మూసేయకండి. గ్లాస్ కప్పు ఏటవాలుగా ఉంటే నెట్ కూడా అదే వాలులో ఉండాలి, వేడి గాలి పైచివర నుంచి వెళ్లిపోతుంది.

ఖాళీ వదిలాం కాబట్టి పక్క నుంచి ఎండ దూరుతుంది. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం మూడున్నరకి ఎండ సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటుంది, అప్పుడు నెట్ ఎంత ఎత్తులో ఉంటే నీడ అంత పక్కకి జరుగుతుంది. అడుగు ఎత్తులో కడితే తూర్పు, పడమరల వైపు కనీసం అడుగు చొప్పున నెట్ బయటికి రావాలి. పడమర వైపు ఒకటిన్నర, రెండు అడుగులు వదిలితే నాలుగింటి ఎండ కూడా ఆగుతుంది. మా కొలత ప్రకారం పది అడుగుల వెడల్పుకు పదమూడు అడుగుల నెట్ పట్టింది.

ఐదో పని: ఫ్రేమ్, గాలి

ఇక్కడ కక్కుర్తి పడకండి. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 16.7 మీటర్లు, ఒత్తిడి 167 న్యూటన్లు, అంటే చదరపు మీటరుకు 17 కిలోల బరువు. 11 చదరపు మీటర్ల టార్పాలిన్ మీద 190 కిలోలు. ముగ్గురు మనుషులు ఒకేసారి తాడు పట్టుకుని వేలాడినట్టు, నా కొక్కెం ఊడిందంటే ఊడదా మరి. కట్టడాలకు గాలి లెక్కలు చెప్పే ఐఎస్ 875 మూడో భాగం బెంగళూరుకు సెకనుకు 33 మీటర్ల వేగం తీసుకోమంటుంది, చెన్నైకి 50. వేగం ఒకటిన్నర రెట్లే కానీ ఒత్తిడి రెండుంబావు రెట్లు, అందుకే చెన్నైలో ఉన్న మా బావగారికి నా డిజైన్ యథాతథంగా పంపలేదు. వల కాబట్టి కొంత గాలి దూసుకుపోతుంది, అయినా ఫ్రేమ్‌ను వలే కదా అనుకుని కాదు, గుడ్డ కట్టినట్టే ఊహించుకుని బిగించాలి.

ఒకటిన్నర అంగుళాల చదరపు జీఐ (జింక్ పూత ఉన్న ఇనుము) పైపులతో ఫ్రేమ్ చేయించండి, వెల్డింగ్ చేసిన చోట్ల జింక్ ప్రైమర్ పూయించండి, లేకపోతే తుప్పు అక్కడే మొదలవుతుంది. ఫ్రేమ్ కాళ్లు గాజుకు గానీ, గాజును పట్టుకున్న అల్యూమినియం పట్టీకి గానీ, సిలికాన్ జాయింటుకు గానీ తగలకూడదు. పిట్టగోడ ఎక్కువగా నాలుగంగుళాల బ్లాక్ గోడే కాబట్టి అందులో యాంకర్ బోల్టు నిలవదు. కాంక్రీటు స్తంభం, బీము ఎక్కడున్నాయో చూసుకుని, వాటి పక్క ముఖానికి 10 మిల్లీమీటర్ల యాంకర్ ఫాస్టెనర్లు కొట్టించండి. డాబా నేలకు మాత్రం డ్రిల్ పెట్టనివ్వకండి. ఫ్యాబ్రికేటర్ "ఏం కాదు సార్, సీలెంట్ వేస్తాం" అంటాడు, కారేది మాత్రం మీ బెడ్‌రూమ్‌లో. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌కు, అద్దె ఇల్లయితే ఓనర్‌కు ముందే చెప్పండి.

ఆరో పని: అంచు కుట్టించి ఎక్కించడం

నెట్ చిరిగేది మధ్యలో కాదు, అంచులో. అంచును మూడు మడతలు మడిచి, లోపల నైలాన్ తాడు పెట్టి, కుర్చీ సోఫాలు కుట్టే రెగ్జిన్ షాపులో కుట్టించండి. అడుగుకొక ఐలెట్ (తాడు దూర్చే లోహపు రింగు) వేయించండి, ఇత్తడివి దొరికితే మంచిది. ఎండకు నెట్ కొద్దిగా ముడుచుకుంటుంది కాబట్టి ఫ్రేమ్‌కు సరిగ్గా సమానంగా కాకుండా రెండు మూడు అంగుళాలు తక్కువగా కుట్టించి, ఆ సందులో తాడు లాగి బిగించండి. తాడు మంచం నులక బిగించినట్టే, ఒక పక్క పూర్తిగా లాగేయకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా లాగుతూ రావాలి. కేబుల్ టైలు వాడితే నల్లవే, తెల్లవి ఒక్క ఎండాకాలానికి బిస్కెట్‌లా విరిగిపోతాయి.

ఎక్కించేది పొద్దున్నే, గాలి లేనప్పుడు, ఇద్దరు మనుషులు. గాజు మీద కాలు పెట్టకూడదు, మోకాలు ఆన్చకూడదు, "టఫెన్డ్ కదా, ఆగుతుంది" అని ఫిట్టర్ ఎక్కబోయినా ఆపండి. నిచ్చెన గోడకే ఆనాలి. అందని చోటికి చేరాల్సి వస్తే నడుముకు బెల్టు కట్టుకున్న పనివాణ్నే పిలవండి.

బిగించాక మధ్యలో చేత్తో నొక్కి చూడండి, గుంట పడితే మళ్లీ లాగాలి. బెంగళూరులో ఏప్రిల్, మే గాలివానల్లో వడగళ్లు పడతాయి, వదులుగా ఉన్న నెట్‌లో అవన్నీ మధ్యకు చేరి మూట కట్టుకుంటాయి. బిగువుగా ఉన్న నెట్ అయితే వడగళ్లు గాజును నేరుగా కొట్టకుండా ఆపుతుంది, ఇది మేం అనుకోని లాభం.

పడమర గోడకు

కప్పుకు వేసిన పందిరి పడమర గోడను కాపాడదు. సాయంత్రం ఎండ అడ్డంగా వస్తుంది, ఎంత పొడుగు సన్‌షేడ్ వేసినా దాని కింద నుంచి దూరుతుంది. నిలువుగా దించే తెర కావాలి. మేం వెదురు తడికెలు బయట వేలాడదీసి, కింద రెండు మూలల్నీ నేల దగ్గర కొక్కేలకు కట్టాం, మూడింటికి దించుతాం, ఆరింటికి చుట్టేస్తాం. ఓపిక ఉన్నవాళ్లు వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చల్లుకోవచ్చు, మార్చి, ఏప్రిల్ నెలల్లో బెంగళూరు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పని చేస్తుంది. చెన్నై ఉక్కలో దీనివల్ల ఒరిగేది తక్కువ.

వేడి గాలికి దారి

నీడ వేసినా వేడి గాలి కప్పు కింద నిలిచిపోతే తల దగ్గర ఉడుకుతూనే ఉంటుంది. పైన ఎత్తులో ఒక లూవర్ (వాలు పలకల) కిటికీ లేదా ఎగ్జాస్ట్ ఫ్యాను, కింద ఎదురు గోడలో గాలి వచ్చే సందు, రెండూ ఉండాలి. ఏప్రిల్లో కూడా బెంగళూరు రాత్రులు చల్లగానే ఉంటాయి కాబట్టి రాత్రంతా దోమతెర ఉన్న కిటికీలు తెరిచి ఉంచి, పొద్దున్న తొమ్మిదిలోపు మూసేయండి. మా గదిలో గోడకు తగిలించిన థర్మామీటరు మధ్యాహ్నం రెండింటికి అంతకు ముందు 43 చూపించేది, నెట్, ఎగ్జాస్ట్ రెండూ వచ్చాక అలాంటి రోజునే 35 చూపించింది. చల్లగా ఉందని చెప్పను, ఫ్యాను వేసుకుని పేపరు చదువుకోవచ్చు.

ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి

మన వైపు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, అది మే చివర్లో. బెంగళూరుకు ఆ లెక్క పనికిరాదు, ఇక్కడ మంట ఏప్రిల్లోనే, 2016 ఏప్రిల్ 24న 39.2 డిగ్రీలు నమోదైంది. రోహిణి వచ్చేసరికి వానలు మొదలై ఉంటాయి. అందుకే శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోగానే నెట్ ఎక్కించేస్తాం, జూన్‌లో ముసురు పట్టాక తీసేస్తాం, డిసెంబరు కాఫీకి ఆ ఎండ కావాలి కదా. చెన్నైలో జూన్, జులై కూడా మండుతాయి కాబట్టి సెప్టెంబరు దాకా ఉంచుకుని, ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు మొదలయ్యే అక్టోబరు లోపల తప్పకుండా దించేయాలి. సముద్రపు ఉప్పు గాలికి జీఐ బోల్టులు ఎక్కువ రోజులు ఉండవు, అక్కడ 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి.

దించాక డాబా మీద పరిచి, సబ్బు నీళ్లతో మెత్తటి చీపురుతో రుద్ది, పూర్తిగా ఆరబెట్టండి. మడత పెట్టకుండా పాత పీవీసీ పైపుకు చుట్టి, రెండు చివర్లా తాడు కట్టి అటక మీద పెట్టండి. మొదటి ఏడు మేం మూట కట్టి మెట్ల కింద పడేస్తే ఎలుకలు అందులో కాపురం పెట్టాయి, మరుసటి మార్చిలో విప్పి చూస్తే నడిమధ్యన పళ్లెం అంత కన్నం. దానికి పాత నెట్ ముక్క అతుకు వేసి అదే వాడుతున్నాం, మధ్యాహ్నం పూట ఆ అతుకు నీడ నేల మీద కొంచెం నల్లగా చతురస్రంలా పడుతుంది, మా పిల్లి సరిగ్గా అందులోనే పడుకుంటుంది.